తీసివేతలో పోయిన అమ్మాయి

అశోక్‌నగర్‌లో కిరాయి గది దొరకడం కష్టమంటారు గానీ, అంతకంటే కష్టం కుర్చీ దొరకడం. గ్రూప్స్ పరీక్షల కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు తెల్లారకముందే చిక్కడపల్లి లైబ్రరీ గేటు ముందు నిలబడతారు. అక్కడ చోటు దొరకని వాళ్లు సందుల్లో, మేడల మీద నడిచే రీడింగ్ హాళ్లకు చేరతారు. అలాంటి వాటిలో కిషన్ రావుగారి హాలు ఒకటి. సర్కారీ కొలువులోంచి రిటైరయ్యాక ఆయన ఇంటి పై అంతస్తులో బల్లలు, మెరూన్ రంగు ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, భార్య పేరు మీద ‘విద్యావతి రీడింగ్ హాల్’ అని బోర్డు పెట్టించాడు. విద్యావతిగారు ఆ మెట్లెక్కింది మొదటిరోజు కొబ్బరికాయ కొట్టడానికి మాత్రమే. మోకాళ్ల నొప్పి అని చెబుతుంది గానీ, తన పేరు పెట్టుకున్న చోట తననే గట్టిగా మాట్లాడొద్దన్నారన్నది అసలు కోపం.

హాలు నడపడంలో కిషన్ రావును పరేషాన్ చేసింది కరెంటు బిల్లు కాదు, నీళ్లూ కాదు. ఫోన్లు. పొద్దున లేస్తే ఏదో ఒక ఊరి నుంచి ఏదో ఒక తండ్రి “సారూ, మా పిల్లగాడు వస్తుండా?” అని అడుగుతాడు. హాజరు చూడమని నాగేందర్ అనే మనిషిని మెట్ల దగ్గర కూర్చోబెట్టారు. నాగేందర్ ఎవరి మనసూ నొప్పించలేని మనిషి కాబట్టి వచ్చినవాడికీ రానివాడికీ కూడా హాజరు వేసేవాడు. ఒకసారి ఆ హాజరును నమ్మి కిషన్ రావు “మీవాడు చాలా బాగా చదువుతుండు” అని ఒక తండ్రికి చెప్పాడు. ఆ బాగా చదివే పిల్లవాడు నారాయణగూడలో సినిమా హాలు ముందు తండ్రికే ఎదురుపడ్డాడు. ఆ తండ్రి తిట్టిన తిట్లు నాలుగిళ్ల అవతలికి వినిపించాయి.

అప్పుడు రంగంలోకి దిగింది కోడలు త్రివేణి. ఆమె పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో మందుగోళీల పట్టీలను ఫొటోలు తీసి, ఏ అరలో గోళీ ఉంది, ఏ అర ఖాళీగా ఉందన్నది యంత్రంతో కనిపెట్టిస్తారు. గోళీలను చూసే యంత్రం మనుషులను చూడదా అంది. పైకప్పు మూలకు ఒక కెమెరా బిగించి, రెండు వారాల సెలవు దినాలు కూర్చుని ప్రోగ్రాం రాసింది.

పద్ధతి తేలికే. యంత్రానికి ఫొటో అంటే వరసలు వరసలుగా అంకెల గడులు. కటిక నలుపైతే సున్నా, తెల్లటి తెలుపైతే రెండు వందల యాభై అయిదు, మిగతా రంగులన్నీ ఆ మధ్యలో. ఖాళీ హాలు ఫొటో ఒకటి ముందే తీసి పెట్టుకోవాలి. తర్వాత తీసిన ఫొటోలో ఒక్కో గడి అంకెలోంచి, ఖాళీ ఫొటోలో అదే గడిలో ఉన్న అంకెను తీసేయాలి. ఏ మార్పూ లేనిచోట సున్నా వస్తుంది. మనిషి కూర్చున్నచోట ఎంతో కొంత మిగులుతుంది. కుర్చీ చుట్టూ గీసిన డబ్బాలో మిగిలింది తగినంత ఉంటే హాజరు, లేకపోతే గైర్‌హాజరు. చిన్నపిల్లలు చేసే తీసివేతే, కాకపోతే లక్షల గడుల్లో ఒకేసారి.

మొదటిసారి నడిపినప్పుడు మాత్రం ఖాళీ హాలు నిండా తెల్లటి ఆకారాలు మెరిశాయి. కిషన్ రావు తెర చూసి, ఎవరూ లేని హాల్లో ఇంతమంది ఎవరని రెండడుగులు వెనక్కి వేశాడు. త్రివేణి నవ్వింది. ఆ గడుల్లో సున్నా కంటే కిందికి చోటు లేదు. మూడులోంచి అయిదు తీసేస్తే మైనస్ రెండు రావలసింది, గడియారం ముల్లు వెనక్కి తిరిగినట్టు అవతలి కొసకు పోయి రెండు వందల యాభై నాలుగు దగ్గర తేలుతుంది. ఫ్యాను నీడ జర ఇటు జరిగితే చాలు, అక్కడ దీపం పెట్టినట్టు కనిపిస్తుంది. ఆమె ప్రోగ్రాంలో వాడే రెడీమేడ్ కోడ్‌లోనే ఇంకో రకం తీసివేత ఉంది. అందులో లెక్క కిందికి పోతే సున్నా దగ్గరే ఆగుతుంది. అది పెట్టగానే దెయ్యాలన్నీ పోయాయి. త్రివేణి ఆ సాయంత్రం నారాయణగూడకు పోయి కుల్ఫీ తిని వచ్చింది.

ఫొటోలు దాచడం మీద మాత్రం ఆడపిల్లలు అభ్యంతరం చెప్పారు. అందరికంటే ముందు నిలబడి అడిగింది అనిత. కిటికీ పక్క కుర్చీ ఆమెది. మాట తక్కువ, చదువు ఎక్కువ. “మేం కూసున్న ఫొటోలు మీ దగ్గర ఎందుకుండాలె అక్కా?” అంది. ఆ మాటలో న్యాయం ఉందనిపించి, అసలు ఫొటోలు వెంటనే చెరిపేసి, తీసివేయగా మిగిలిన బొమ్మలే దాచేట్టు త్రివేణి మార్చింది. వాటిలో ముఖాలు ఉండవు, నల్లటి తెర మీద తెల్లటి మరకలుంటాయి. ఇక వరసగా మూడు రోజులు రానివాళ్ల ఇంటికి, మూడో రోజు పొద్దుటి ఫొటో తీయగానే, మెసేజ్ దానంతట అదే పోతుంది. ఫోన్ల బాధ తప్పిందని కిషన్ రావు మధ్యాహ్నం నిద్ర మళ్లీ మొదలుపెట్టాడు.

మెసేజ్ పోవడం ఎవరికైనా నష్టం చేస్తుందని ఆ గురువారం దాకా తెలియలేదు.

ఆ పొద్దున త్రివేణి పై అంతస్తు వరండాలో, హాలు తలుపు పక్కనున్న చిన్న బల్ల దగ్గర కంప్యూటర్ తెరుచుకుని కూర్చుని ఉంది. కిషన్ రావు పేపరు చదువుతున్నాడు. మెట్లెక్కి ఒక పెద్దమనిషి వచ్చాడు. నెత్తికి రుమాలు, కాళ్లకు ఆరిన సిమెంటు మరకలు. వెనకాల అనిత. రాత్రంతా ఏడ్చిన కళ్లు.

“పుస్తకాలు తీస్కపోదామని వచ్చిన సారూ,” అన్నాడతను. “సదువు సాలు.”

అతను అనిత తండ్రి మాసయ్య. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వలస వచ్చి అంబర్‌పేట్ బస్తీలో ఒక్క గదిలో ఉంటున్నారు. భార్య మాసమ్మతో కలిసి రోజూ ముషీరాబాద్ అడ్డా మీద నిలబడి, పిలిచిన మేస్త్రి వెంట పనికి పోతాడు. నిన్న అడ్డా మీద చాయ్ తాగుతుండగా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. తనకు చదువు రాదు. పక్కనున్న అంజి మేస్త్రికి ఇచ్చి చదవమన్నాడు. అంజి మేస్త్రి గొంతు రెండో అంతస్తులో ఉన్నవాళ్లకు వినిపించే గొంతు. మీ అమ్మాయి అనిత మూడు రోజులుగా రీడింగ్ హాలుకు రావడం లేదని అతను చదివితే అడ్డా అడ్డంతా విన్నది. చదివినవాడు చదివి ఊరుకోలేదు. పొద్దుగాల బస్సెక్కి పోతది గద, మరి యాడికి పోతున్నట్టు, అని ఒక మాట విసిరాడు. ఆ మాటకు నలుగురు తలలు తిప్పుకున్నారు. మాసమ్మ ఆ రోజు పనికి పోకుండా ఇంటికి వెళ్లి కూర్చుంది. రేపో మాపో పిల్లను ఊరికి, మేనత్త దగ్గరికి పంపేద్దామని రాత్రి తేల్చుకున్నారు. పరీక్ష ఈ నెలలోనే.

ఇదంతా మాసయ్య కోపం లేకుండానే చెప్పాడు. అదే వినేవాళ్లకు కష్టమైంది.

అనిత ఒక్కటే మాట అంది. “నేను ఈడనే ఉన్న అక్కా. మూడు దినాలు ఈ కుర్సీలకెల్లి లేవలే.”

త్రివేణి వెంటనే నమ్మలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేది ఇంజనీర్లను చూసే పుట్టిన సామెత అయి ఉంటుంది. హాజరు తెరిచి చూసింది. సోమ, మంగళ, బుధ, మూడూ గైర్‌హాజరే. మిగతా అందరివీ సరిగ్గానే ఉన్నాయి. పాపం పిల్ల, దొరికిపోయింది, ఎలా కాపాడాలి అని కూడా ఆలోచించింది. ఆ దయే తన మీద తనకు తర్వాత చాలాసేపు చిరాకు తెప్పించింది.

నాగేందర్‌ను పిలిచి అడిగారు. వచ్చినట్టే ఉందన్నాడు. ఏ రోజంటే తల గోక్కున్నాడు. కెమెరా వచ్చాక అతను పైకి తల ఎత్తితే ఒట్టు. పక్క కుర్చీల పిల్లలు లేచి, వచ్చింది సార్, రోజూ వచ్చింది అన్నారు. మాసయ్య వాళ్లకు దండం పెట్టినట్టు చెయ్యెత్తి, దోస్తులు దోస్తుల దిక్కే చెప్తరు బిడ్డా, అన్నాడు. ఆ మాటా నిజమే.

చివరికి త్రివేణి, యంత్రం ఎలా చూస్తుందో తండ్రికి తెలిస్తే మంచిదని, అనితను పోయి తన కుర్చీలో కూర్చోమంది. తెర మీద హాల్లోని కుర్చీలన్నీ చిన్నచిన్న డబ్బాలు. మనిషి ఉన్న డబ్బా పచ్చగా, లేనిది బూడిదరంగులో ఉంటుంది. అనిత లోపలికి పోయి కూర్చుంది. ఆమె డబ్బా బూడిదరంగులోనే ఉంది. కొంచెం ఆలస్యమవుతుందిలే అని త్రివేణి ఆగింది. మళ్లీ ఫొటో తీయించింది. బూడిదే.

మాసయ్య గుమ్మంలో నిలబడి ఒకసారి హాల్లోకి, ఒకసారి తెర మీదికి చూశాడు. కిటికీ పక్క కుర్చీలో కూతురు కళ్లెదుటే ఉంది.

“గదేందమ్మా,” అన్నాడు నెమ్మదిగా. “కూసున్నది గద నా బిడ్డ.”

త్రివేణి చెవులు వేడెక్కాయి. భయం వేసింది, సిగ్గేసింది. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, యంత్రం లేదంటే లేదని ఒక ఇంటికి కబురు పంపించింది తను. ఎక్కడ తప్పిందో తెలియాలంటే ముందు ఖాళీ హాలు ఫొటో చూడాలి. పోయిన ఆదివారం హాల్లో పాత ట్యూబులైట్లు తీసి కొత్త బల్బులు పెట్టారు. వెలుతురు మారింది కాబట్టి ఖాళీ ఫొటో మళ్లీ తీయాలని, సోమవారం పొద్దున తాళం తీయగానే ఎవరూ లేనప్పుడు మీట నొక్కమని నాగేందర్‌కు చెప్పింది. నాగేందర్ చెప్పినట్టే చేశాడు. ఆ ఫొటోను ఆమె తెరిచి చూడనే లేదు.

ఇప్పుడు చూసింది. ఫొటోలో మనుషులు లేరు. కానీ ఖాళీగానూ లేదు. అశోక్‌నగర్‌లో కుర్చీ ఎప్పుడు ఖాళీగా ఉంటుంది కనక? బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టుకునే జాతి మనది. రాత్రి ఇంటికి పోతూ ప్రతివాళ్లూ కుర్చీకి తమ గుర్తు కట్టిపోతారు. ఒకరు కుర్చీ చేతికి కర్చీఫ్ ముడి, ఇంకొకరు పాత టై, మరొకరు సాక్సు. అనిత కుర్చీ మీద మాత్రం వీపు నుంచి కూర్చునే చోటు దాకా పెద్ద తెల్ల తువ్వాల పరిచి ఉంది. ఎండాకాలం ప్లాస్టిక్ కుర్చీలో పొద్దంతా కూర్చుంటే ఒళ్లు కాలుతుందని, ఆమె దాన్ని తీయదు, దాని మీదే కూర్చుంటుంది.

చూడగానే త్రివేణికి అర్థమైపోయింది. అందరి కుర్చీలూ ముదురు మెరూన్. వాటి మీద మనిషి కూర్చుంటే చొక్కా, చేతులు, ముఖం, ఏదో ఒకటి కుర్చీ కంటే తెల్లగా ఉంటుంది. తీసేస్తే అంకె మిగులుతుంది. అనిత కుర్చీ ఒక్కటే ఖాళీ ఫొటోలో తెల్లగా ఉంది, రెండు వందల ముప్పై దాకా. దాని మీద నల్ల జుట్టు, నీలం చున్నీతో ఆ పిల్ల కూర్చుంటే అక్కడి అంకె నలభై. నలభైలోంచి రెండు వందల ముప్పై పోతే సున్నా కంటే చాలా కిందికి పోతుంది. కిందికి పోయిందాన్ని సున్నా అనుకోమని చెప్పింది ఎవరు? త్రివేణే. దెయ్యాలను వదిలించుకోవడానికి పెట్టిన తీసివేత, ఉన్న మనిషిని కూడా ఊడ్చేసింది. కుల్ఫీ తిని మరీ సంబరపడింది.

దిద్దడానికి ప్రోగ్రాంలో ఒక్క వరుస చాలింది. ఏది పెద్దదైతే దానిలోంచి చిన్నది తీసేయమని మార్చింది. ఎటు వైపు తేడా వచ్చినా తేడాయే. చిన్న నీడకు చిన్న అంకె వస్తుంది, మనిషికి పెద్ద అంకె వస్తుంది. మొదటే ఇలా రాసి ఉండాల్సింది. మీట నొక్కగానే కిటికీ పక్క డబ్బా పచ్చగా వెలిగింది.

కిషన్ రావు హమ్మయ్య అన్నాడు. త్రివేణి మాసయ్యకు తువ్వాల సంగతి చూపించి, తప్పు యంత్రానిదీ కాదు, అనితదీ కాదు, తనదని చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. విని, ఎవరైనా తండ్రి అడిగే మాటే అడిగాడు.

“ఇయ్యాల కనబడ్డది, సరే అమ్మా. మరి నిన్న? మొన్న?”

అసలు ఫొటోలు లేవు. మిగిలినవి పాత తీసివేత బొమ్మలు. సున్నా అయినచోట ఇంతకుముందు ఏముండేదో ఎంత తెలివైనవాళ్లూ తిరిగి రప్పించలేరు. అనిత లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. నా ఫొటో దాచొద్దని నేనే అడిగిన, అని గొణిగింది. ఆ ఒక్క మాటకు త్రివేణికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అయినా బొమ్మలు తెరిచింది. తెరవకుండా ఉండలేకపోయింది. సోమవారం పొద్దున. కిటికీ పక్క కుర్చీ నల్లగా ఉంది. తర్వాతిది. నలుపే. బొమ్మను పెద్దది చేసింది. తువ్వాల పరిచినంత మేరా నలుపే గానీ, దాని అంచు దాటి, కుర్చీకున్న మెరూన్ చేతి మీద వంకరగా ఒక తెల్లటి గీత ఉంది. వేలెడంత. ఇంత చిన్నదాన్ని దుమ్ము కింద లెక్కగట్టి ప్రోగ్రాం వదిలేసింది. మరో బొమ్మ తెరిచింది. అక్కడే, అదే వంకర. మధ్యాహ్నం భోజనాల వేళ బొమ్మలో లేదు. ఆ తర్వాత బొమ్మలో మళ్లీ ఉంది. మంగళవారం ఉంది. బుధవారం సాయంత్రం తలుపులు మూసేదాకా ఉంది.

మాసయ్య ఆమె భుజం పక్కనుంచి వంగి తెరకు దగ్గరగా వచ్చాడు. చాలాసేపు చూశాడు.

“అది అనిత మోచెయ్యి,” అన్నాడు.

చిన్నప్పుడు తాము పనికి పోయిన చోట సెంట్రింగ్ కర్రల మీది నుంచి అనిత పడింది. చెయ్యి విరిగింది. అప్పుడు సరైన కట్టు కట్టించలేకపోయారు. ఎముక అతుక్కుంది గానీ వంకర మిగిలింది. అప్పటి నుంచి రాసేటప్పుడు, చదివేటప్పుడు ఎడమ మోచెయ్యి దేహానికి ఆనించదు, పక్కకు పెట్టుకుంటుంది. ఇంట్లో దీపం కింద కూర్చున్నా అంతే. ఈ మాటలు చెబుతూనే మాసయ్య చెయ్యి చాపాడు. తెర మీద ఆ తెల్ల గీతను వేలితో తాకబోయి, వేలికి సిమెంటు ఉందని వెనక్కి తీసుకున్నాడు.

“ఈడనే ఉన్నవు బిడ్డా,” అన్నాడు కూతురితో. “పొద్దంత ఈడనే ఉన్నవు.”

అనిత ఔనని తలూపింది. అంతవరకు బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. మాసయ్య నెత్తి రుమాలు తీసి ఆమె ముఖం తుడిచి, అదే రుమాలుతో తన ముఖమూ తుడుచుకుని, పక్కనున్న మెట్టు మీద కూలబడ్డాడు. గుండెల మీది బండ దిగిపోయిన మనిషి ఎలా ఉంటాడో త్రివేణి అప్పుడు చూసింది. తన గుండె మీదిది కూడా దిగిపోయింది. ఆమె అదే మెట్టు మీద, అతని పక్కనే కూర్చుండిపోయింది. కోడలు మెట్ల మీద కూర్చుంటే ఏమిటిదని రోజూ అయితే అనే కిషన్ రావు ఆ రోజు వాళ్లిద్దరికీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

కిందికి కబురు వెళ్లింది. మోకాళ్ల నొప్పి మరిచిపోయి విద్యావతిగారు స్వయంగా ఉప్మా పళ్లెం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. రాత్రి నుంచి తినలేదని అనిత ముఖం చూసే కనిపెట్టింది. తినేదాకా కదలనని ఎదురుగా నిలబడి, ఎవరూ ఆపకుండా, హాల్లో చాలా గట్టిగా మాట్లాడింది. అనిత గబగబా తిని, చేతులు కడుక్కుని, పోయి తన కుర్చీలో కూర్చుంది. రెండు నిమిషాల్లో పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది.

త్రివేణి క్షమించమని అడిగింది. ఏం చేస్తే ఈ తప్పు దిద్దినట్టవుతుందో చెప్పమంది. కిషన్ రావు తనే వాళ్లింటికి వచ్చి మాసమ్మతో మాట్లాడతానన్నాడు. మాసయ్య వద్దన్నాడు. మాసమ్మ సంగతి తను చూసుకుంటాడు. కొంచెంసేపు ఆలోచించి, జేబులోంచి ఫోన్ తీశాడు.

“ఇంకో మెసేజ్ కొట్టుండ్రి అమ్మా. ఇదే ఫోన్‌కు.”

త్రివేణి కంప్యూటర్ ముందు కూర్చుంది. యంత్రం దానంతట అది పంపే మాటలు పక్కన పెట్టి, సొంతంగా రాసింది. మీ అమ్మాయి అనిత ఒక్కరోజు కూడా మానలేదు, పొద్దున తలుపు తీసినప్పటి నుంచి మూసేదాకా చదువుకుంటూనే ఉంది, రాలేదని పంపిన కబురు మా తప్పు, మమ్మల్ని మన్నించండి. కిషన్ రావు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, కింద తన పేరు వేయమన్నాడు. హాలు పేరు చాలదన్నాడు. మనిషి పేరు ఉండాలన్నాడు.

మాసయ్య చేతిలో ఫోన్ మోగింది. అక్షరాలు తెలియకపోయినా తెరను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. చదివి వినిపిస్తానని త్రివేణి చెయ్యి చాపింది.

“వద్దమ్మా,” అన్నాడు మాసయ్య. ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకుని పైనుంచి అరచేత్తో ఒకసారి తట్టాడు. “అంజి మేస్త్రితోనే సదివిపిస్త. అడ్డ మీద, అందరున్నప్పుడు.”

హాల్లోకి తొంగి కూతురిని ఇంకోసారి చూసుకున్నాడు. పిలవలేదు. పని దొరకని కూలీలు ఇంకా అడ్డా మీద నిలబడి ఉండే వేళే అది. నెత్తికి రుమాలు చుట్టుకుని, చెప్పులు తొడుక్కుని, మాసయ్య గబగబా మెట్లు దిగాడు.